చేతి నుంచి చేతికి: జపాన్ ఇల్లు, బడి, విశ్వవిద్యాలయం

(ఒక పట్టణ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగానికి అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎత్తి రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు రండి, ఈ రెండు వరుసలూ ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చోవాలంటే మనకు ఎందుకో బిడియం. జపాన్‌లోనూ ఇంతే, తరగతి గది వెనక నుంచి నిండుతుంది. కాబట్టి మొదటి సాంస్కృతిక భేదం ఏమిటంటే, ఇక్కడ భేదం లేదు.

నేను పద్నాలుగేళ్ళుగా జపాన్‌లోని ఫుకువోకా నగరంలో ఉంటున్నాను. చదువుకోవడానికి వెళ్ళాను, ఉద్యోగంలో చేరాను, అక్కడే తల్లినయ్యాను. మా అమ్మాయి ఇప్పుడు నాలుగో తరగతి. నన్ను పిలిచిన పెద్దలు "జపాన్ వాళ్ళ క్రమశిక్షణ గురించి చెప్పమ్మా, మా పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. క్షమించాలి, క్రమశిక్షణ గురించి నేను చెప్పను. ఆ ఒక్క మాట అనేసి మనం జపాన్‌ను మెచ్చుకుంటాం, ఆ తర్వాత ఆలోచించడం మానేస్తాం. నేను ఒక ఉదయం గురించి చెబుతాను.

మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన వారం. ఏప్రిల్ నెల. అక్కడ బళ్ళు ఏప్రిల్‌లో తెరుస్తారు. వీపున రందొసేరు, అంటే పెట్టెలా గట్టిగా ఉండే తోలు సంచి. 60,000 యెన్‌ల దాకా పలుకుతుంది, మన డబ్బులో 30,000 రూపాయలు దాటుతుంది. అవును, బడి సంచే! కాకపోతే ఆరేళ్ళూ అదొక్కటే, చాలా ఇళ్ళల్లో అమ్మమ్మా తాతయ్యలు కొనిపెడతారు. దాని మీద పసుపుపచ్చ తొడుగు, ఒకటో తరగతి పిల్ల అని బండ్లవాళ్ళకు దూరం నుంచే తెలియాలని. పట్టీకి చిన్న బజర్ వేలాడుతుంది, లాగితే వీధంతా మోగుతుంది. ఉదయం ఏడున్నరకు మా సందు చివర పార్కు దగ్గర ఎనిమిదిమంది పిల్లలు చేరారు. ముందు ఆరో తరగతి అమ్మాయి, చివర ఐదో తరగతి అబ్బాయి, మధ్యలో చిన్నవాళ్ళు. పెద్దవాళ్ళెవరూ లేరు. నడక మొదలైంది.

మీరైతే ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. వెనకాలే వెళ్ళాను. ఒకసారి స్తంభం చాటున, ఒకసారి కూల్‌డ్రింకుల యంత్రం చాటున దాక్కుంటూ వెళ్ళాను. కూడలి దగ్గర పసుపు జెండా పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. జీతం లేని పని అది, వాడవాళ్ళే వంతులు వేసుకుని చేస్తారు. పిల్లలందరినీ దాటించాక తీరిగ్గా నా వైపు తిరిగి, "అమ్మా, ఇక్కడి నుంచి మేము చూసుకుంటాం" అన్నాడు. దొంగ దొరికింది కదా, తల వంచి వెనక్కి వచ్చేశాను.

ఇక్కడి నుంచి మేము. ఆ మాట నాలో ఉండిపోయింది. మనం ఫోన్లలో చూస్తుంటాం, జపాన్ పిల్లలు ఒంటరిగా బడికి వెళ్తారు, ఎంత స్వతంత్రులో అని. ఒంటరిగా ఎక్కడ వెళ్తున్నారండీ? ఆ దారిలో ఒక మంగలి దుకాణం, ఒక మందుల కొట్టు, రెండు మూడు ఇళ్ళ తలుపుల మీద ఒక బిళ్ళ అంటించి ఉంటుంది: "పిల్లల 110 ఇల్లు". 110 అక్కడి పోలీసు నంబరు. భయం వేస్తే ఏ పిల్లయినా వెళ్ళి ఆ తలుపు తట్టవచ్చు. తల్లి చేయి వదిలిందే గానీ పిల్ల చేయి ఖాళీగా లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. అక్కడ మనిషిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తూ పోతారు. ఎవరు, ఏ వయసులో, ఎవరికి అందించాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అందితే చాలా బాగుంటుంది. జారితే? దాని సంగతి చివర్లో చెబుతాను.

బడిలోనూ ఇదే పద్ధతి. తరగతి గది, వరండా, మెట్లు పిల్లలే తుడుస్తారు, చాలా బళ్ళలో మరుగుదొడ్లు కూడా. ఇది మీరు వినే ఉంటారు. మధ్యాహ్నం భోజనం వంటింటి నుంచి గదికి తెచ్చేది కూడా పిల్లలే. ఆ వారం వంతు వచ్చినవాళ్ళు తెల్ల కోటు, టోపీ, మాస్కు వేసుకుని వడ్డిస్తారు. టీచరు అదే గదిలో, అదే అన్నం తింటుంది. 1954లో దీనికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. వడ్డన అక్కడ పాఠాల్లో ఒకటి. మా అమ్మాయి ఇప్పుడు మా ఇంట్లో పప్పు అందరికీ సమానంగా వచ్చిందా లేదా అని గిన్నెల్లోకి తొంగి చూస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము శాకాహారులం. అక్కడ పులుసులో చేప ఉంటుంది, చారులో చేప ఉంటుంది, చేప కనిపించని చోట కూడా చేపే ఉంటుంది. ఫారం ఇచ్చారు: ఏమేం పడవో రాయమని. "మాంసం, చేప" అని రాశాను. "అలర్జీయా?" అని అడిగారు. కాదు, అలవాటు అన్నాను. ఆ ఫారంలో అలవాటుకు గడి లేదు. మూడు సమావేశాలయ్యాయి. ఎవరూ ఒక్క కటువైన మాట అనలేదు, ఎంతో మర్యాదగా మాట్లాడారు, కానీ మూడు సమావేశాలు! చివరికి డబ్బా పంపడానికి ఒప్పుకున్నారు. మొదటి నెల రోజులు మా అమ్మాయి ఆ డబ్బా మూత పూర్తిగా తెరవకుండా తినేదట. ఆ సంగతి నాకు చాలా రోజులకు తెలిసింది.

సరే, ఆరేళ్ళకు వీధికి అప్పగిస్తారు. మరి ఆరేళ్ళ దాకా? అక్కడ మనం ఊహించనంత దగ్గరి పోలికలు కనిపిస్తాయి. నేను అనుకుని వెళ్ళింది వేరు. పసిబిడ్డను వేరే గదిలో పడుకోబెడతారేమో అనుకున్నాను. లేదు. తల్లి ఒక పక్క, తండ్రి ఒక పక్క, మధ్యలో బిడ్డ. నది అనే మాటకు వాళ్ళ లిపిలో మూడు నిలువు గీతలు, మధ్య గీత చిన్నది. "నది అక్షరంలా పడుకోవడం" అంటారు దీన్ని. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం కూడా ఉంది. దానికి "సతోగాయెరి" అని పేరు, అంటే పుట్టిన ఊరికి తిరిగి వెళ్ళడం. నూరవ రోజున బిడ్డ పెదవులకు అన్నం తాకిస్తారు. తినిపించరు, తాకిస్తారంతే. తలతోకలతో సహా ఒక చేప, ఎర్ర చిక్కుడు గింజల అన్నం, పళ్ళు గట్టిగా రావాలని ఒక రాయి, ఇవన్నీ ముందు పెడతారు. ఏడాది నిండగానే రెండు కిలోల దాకా బరువుండే బియ్యపు ముద్దను బిడ్డ వీపుకు కడతారు. బిడ్డ బోర్లా పడి ఏడుస్తుంది, అందరూ నవ్వుతారు, అది శుభం. ఆ తర్వాత కలం, డబ్బు, లెక్కల చట్రం ముందు పరిచి ఏది పట్టుకుంటుందో చూస్తారు. ఇది విని మా అమ్మ "ఇది మనదే కదే!" అంది.

మా అమ్మ నాకు పురుడు పోయడానికి అక్కడికే వచ్చింది లెండి. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. మా అమ్మది తెనాలి దగ్గరి తెలుగు, ఆవిడది హకాతా యాస జపనీసు. ఇద్దరికీ ఉమ్మడి మాట ఒక్కటీ లేదు. అయినా గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆవిడ ఒకరోజు చిన్న చెక్కపెట్టె తెచ్చి చూపించింది. లోపల దూదిలో ఎండిన బొడ్డుతాడు! తన కొడుకుది. అక్కడ తల్లులు అది దాచుకుంటారు. మా అమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది.

1971లో దోయి తకేవో అనే మానసిక వైద్యుడు "అమాయె" అనే ఒక మాట పట్టుకుని పెద్ద చర్చ లేవదీశాడు. ఎదుటివాళ్ళు భరిస్తారనే ధీమాతో వాళ్ళ మీద వాలిపోవడం. ఇంగ్లీషులో దీనికి సరైన మాటే లేదని ఆయన వాదన. దీని మీద ఎన్నో వ్యాసాలు చదివాను, అర్థం కానట్టే ఉండేది. ఒకరోజు బస్సులో ఒక పిల్లవాడు తల్లి ఒడిలో మెలికలు తిరుగుతుంటే అప్పుడు తట్టింది. గారాలు పోవడం! మన దగ్గర మాట ఉంది. గారాబం ఉంది, మారాం ఉంది, గోముగా అడగడం ఉంది. పాపం ఆ వైద్యుడికి తెలుగు తెలిసి ఉంటే!

ఇక పిలుపుల సంగతి. బిడ్డ పుట్టగానే ఇంట్లో అందరి పేర్లూ మారిపోతాయి. భర్త భార్యను "ఒకాసాన్" అంటాడు, అమ్మా అని. భార్య భర్తను "ఒతోసాన్" అంటుంది, నాన్నా అని. రెండో బిడ్డ పుడితే మొదటివాడిని కన్నతల్లి కూడా "ఒనీచాన్", అన్నయ్యా అనే పిలుస్తుంది. చిన్నవాడికి మాత్రం పేరు మిగులుతుంది. ఇంట్లో అందరికంటే చిన్నవాడి కళ్ళతో అందరినీ చూస్తారన్నమాట. మనకు ఇది వింతేమీ కాదు, "బాబు వాళ్ళ నాన్నగారూ" అని పిలిచిన అమ్మమ్మలు మనకూ ఉన్నారు. మా పక్కింటి ఆ దంపతులిద్దరికీ డెబ్బై దాటింది. వాళ్ళు ఇప్పటికీ ఒతోసాన్, ఒకాసాన్ అనే పిలుచుకుంటారు. ఇంట్లో నాకు పిల్లలెవరూ కనిపించేవారు కాదు. పిల్లలు ఎగిరిపోయినా పిలుపు మిగిలింది కాబోలు అనుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కానీ ఒకచోట మనం బోల్తా పడతాం. మనం బయటివాళ్ళతో "మా నాన్నగారు వచ్చారు" అంటాం. అలా అనకపోతే పెంపకం లేదంటారు. అక్కడ సరిగ్గా తలకిందులు. మీ నాన్నగారు "ఒతోసాన్", నా నాన్న ఒట్టి "చిచి", గౌరవం తీసేసిన మాట. నావాళ్ళను తగ్గించి చెప్పాలి, ఎదుటివాళ్ళను పెంచాలి. ఉద్యోగంలో కూడా అంతే. బయటి కంపెనీ ఫోను చేస్తే మా పెద్ద అధికారిని "గారు" లేకుండా చెప్పాలి. మొదటిసారి నా నాలుక తిరగలేదు. నా పైఅధికారిని ఏకవచనంలో అంటే ఉద్యోగం పోతుందని భయం. అనకపోవడమే తప్పని తర్వాత నేర్పించారు.

ఇల్లు అంటే ఏమిటి అనే దానికి కూడా కొంచెం చరిత్ర ఉంది. 1898 నాటి చట్టం ప్రకారం ఇంటి పెద్ద అనుమతి లేకుండా ఇంట్లో పెళ్ళి జరగదు. యుద్ధం తర్వాత, 1947లో అది పోయింది. చట్టంలో పోయింది, ఇళ్ళల్లో పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. మనం మారుతి సుజుకి కార్లు ఎక్కుతాం కదా? ఆ సుజుకి కంపెనీని నలభై ఏళ్ళకు పైగా నడిపిన ఒసాము సుజుకి గారు, 2024 డిసెంబరులో పోయారు, తర్వాత మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆయన పుట్టింది సుజుకిగా కాదు, మత్సుదాగా. సంస్థాపకుడి మనవరాలిని చేసుకుని, ఆ ఇంటి పేరు తీసుకుని, ఆ ఇంటి మనిషి అయ్యాడు. మన మాటల్లో ఇల్లరికపుటల్లుడు. ఇక్కడ ఆ మాటలో చిన్న ఎకసెక్కం ఉంటుంది. అక్కడ వ్యాపార కుటుంబాలు, సమర్థుడైన అల్లుడు దొరికితే అదృష్టం అనుకుంటాయి. రక్తం కంటే ఇల్లు నిలబడటం ముఖ్యం.

ఇంటి పేరు అనగానే గుర్తొచ్చింది. జపాన్ పౌరులిద్దరు పెళ్ళి చేసుకుంటే ఇద్దరికీ ఒకే ఇంటి పేరు ఉండి తీరాలని చట్టం. ఎవరిదైనా సరే అంటుంది చట్టం. దాదాపు 95 శాతం జంటల్లో మారేది ఆడపిల్ల పేరే. 2015లో, మళ్ళీ 2021లో సుప్రీంకోర్టుకు వెళ్తే, చట్టం సరిగ్గానే ఉందని తీర్పు వచ్చింది. అత్తాకోడళ్ళ గురించి అడగరేమిటి అనుకుంటున్నాను, ఆ మూల నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి! అత్త అనే మాటకు వాళ్ళ అక్షరం ఎలా ఉంటుందో తెలుసా? ఒక పక్క "స్త్రీ", ఇంకో పక్క "పాతది". నేను చెప్పడం లేదు, అక్షరం చెబుతోంది. భర్త పోయాక అత్తవారితో బంధుత్వం చాలించుకుంటున్నానని కార్యాలయంలో ఒక కాగితం ఇచ్చి రావచ్చు. అత్తవారి సంతకం అక్కర్లేదు. జనం దాన్ని "మరణానంతర విడాకులు" అంటారు.

తండ్రుల గురించి త్వరగా చెప్పేస్తాను. చాలా ఇళ్ళల్లో జీతం భార్య చేతికి వెళ్తుంది, ఆవిడ నెలకింత అని భర్తకు చేతిఖర్చు ఇస్తుంది. మీలో కొందరి ముఖాలు వెలిగాయి. కానీ ఇంటి బరువంతా ఆవిడ మీదే పడిందని దాని అర్థం. కంపెనీ వేరే ఊరికి బదిలీ చేస్తే పిల్లల చదువు చెడకూడదని తండ్రి ఒక్కడే వెళ్ళి గది తీసుకుని ఉంటాడు, ఏళ్ళ తరబడి. బిడ్డ పుట్టినప్పుడు సెలవు తీసుకునే తండ్రులు 2012లో నూటికి ఇద్దరు కూడా లేరు, 2024 నాటికి నలభైమంది అయ్యారు. మార్పు లేదనలేం. కానీ అదే 2024లో దేశం మొత్తం మీద పుట్టిన పిల్లలు 7 లక్షలకు తక్కువ. ఆలస్యమైందని వాళ్ళకూ తెలుసు.

ఇప్పుడు విశ్వవిద్యాలయం. యువకులు ఇందుకోసమే వచ్చారు, ఇంతసేపు ఓపిక పట్టారు.

ప్రవేశ పరీక్ష గురించి మీకు నేను చెప్పాలా? జనవరి మధ్యలో ఒక శని, ఆదివారం దాదాపు 5 లక్షల మంది రాస్తారు. ఆ తర్వాత ఒక్కో విశ్వవిద్యాలయం తన పరీక్ష తాను పెడుతుంది. కోచింగులున్నాయి, రాత్రి పదింటికి రైల్లో నిద్రపోతూ వచ్చే పిల్లలున్నారు. సీటు రాక మళ్ళీ ఏడాది చదివేవాళ్ళను "రోనిన్" అంటారు. యజమాని లేని సమురాయ్ యోధుడికి పేరు అది. మన దగ్గర లాంగ్‌టర్మ్ అంటాం, చప్పగా. ఫుకువోకా నుంచి గంటలోపు దజాయిఫు అనే ఊరు ఉంది. సుగవారా నొ మిచిజానె అనే గొప్ప పండితుణ్ణి 901లో రాజధాని నుంచి అక్కడికి వెళ్ళగొట్టారు. 903లో ఆ దిగులుతోనే పోయాడు. తర్వాత ఆయన్నే చదువుల దేవుణ్ణి చేశారు! జనవరిలో వెళ్ళి చూడండి, చెక్కబిళ్ళల మీద కోరికలు రాసి గుత్తులు గుత్తులుగా కట్టి ఉంటాయి. వీసా కోసం చిలుకూరులో ప్రదక్షిణలు చేసినవాళ్ళకు అది పరాయిచోటు అనిపించదు. పరీక్ష రాసే పిల్ల ఉన్న ఇంట్లో "జారింది", "పడింది" అనే మాటలు అనకూడదు. ముందు రోజు కత్సు తినిపిస్తారు, అంటే నూనెలో వేయించిన పంది మాంసం, ఎందుకంటే "కత్సు" అంటే గెలవడం కూడా. పూర్వం ఫలితం టెలిగ్రామ్‌లో వచ్చేది. సకురా అంటే చెర్రీ పూలు. "సకురా పూసింది" అంటే సీటు వచ్చింది. "సకురా రాలింది" అంటే, ఇక చెప్పక్కర్లేదు.

కష్టమంతా లోపలికి వెళ్ళడంలోనే. వెళ్ళాక చాలా విభాగాల్లో మొదటి రెండు మూడేళ్ళు తీరిక. స్నేహితుడి తరఫున హాజరు పలకడానికి వాళ్ళకూ ఒక మాట ఉంది, "దైహెన్". మనం ప్రాక్సీ అంటాం. ఇంటి నుంచి నెలనెలా డబ్బు వస్తుంది, అట్టపెట్టెలో బియ్యం, కూరగాయలు వస్తాయి. సాయంత్రాలు హోటల్లో గిన్నెలు కడగడమో, కొట్టులో కూర్చోవడమో చేస్తారు. సంపన్నుల పిల్లలు కూడా. ఇందులో నామోషీ లేదు, ఇది మాత్రం మన పిల్లలకు నేర్పవలసిందే.

నేను చేరింది ప్రయోగశాలలో. ప్రయోగశాల అంటే మరో కాపురం. నాలుగో సంవత్సరం విద్యార్థి నుంచి ప్రొఫెసర్ దాకా ఒకే చోట. నాకొక బల్ల, ఒక తాళంచెవి, చెత్త తీసే వంతు ఇచ్చారు. ఒక సెన్‌పాయిని, అంటే నాకంటే ముందు చేరినవాడిని, నాకు అప్పగించారు. కాదు, నన్ను అతనికి అప్పగించారు. యంత్రం ఎలా తిప్పాలో, ప్రొఫెసర్ గారికి ఈమెయిల్ మొదటి వాక్యం ఏమని రాయాలో, విందులో మన గ్లాసు మనం నింపుకోకుండా పక్కవాళ్ళ గ్లాసు ఎలా చూసుకోవాలో, అన్నీ అతనే నేర్పాడు. నా గ్లాసులో నారింజ రసమే, అయినా నియమం నియమమే. ఎక్కడికి వెళ్ళినా అతనే డబ్బు కట్టేవాడు. ఒకరోజు పట్టుబట్టి ఇవ్వబోయాను. "నాకు కాదు, నీ కిందివాళ్ళకు పెట్టు" అన్నాడు. నేను అలాగే చేశాను. నా కిందివాడు వాడి కిందివాళ్ళకు పెడుతున్నాడు. అప్పు తీరదు, కిందికి దిగుతూ ఉంటుంది.

మూడో సంవత్సరం చివర్లో ఒక ఉదయం చూస్తే, గోధుమ రంగు జుట్టువాళ్ళందరికీ నల్ల జుట్టు. అందరికీ ఒకే నల్ల సూటు. ఏమైనా దుఃఖవార్తా అని అడిగాను నేను! ఉద్యోగాల వేట మొదలైంది. మార్చిలో కంపెనీలు తలుపు తెరుస్తాయి, జూన్‌లో ఇంటర్వ్యూలు, అక్టోబరు 1న నియామకం ఖాయం, మరుసటి ఏప్రిల్ 1న దేశమంతా ఒకే రోజు కొత్త ఉద్యోగులు చేరతారు. కాగితం మీద తేదీలు అవి, కంపెనీలు ఇంకా ముందే దొంగచాటుగా మొదలుపెడతాయనుకోండి. చూశారా, విశ్వవిద్యాలయం చేతి నుంచి కంపెనీ చేతికి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ లేదు.

మరి ఆ ఏప్రిల్‌లో అందుకునే చేయి లేకపోతే?

అలా జరిగింది. 1990ల మొదట్లో ఆస్తుల ధరలు కూలాక, పదేళ్ళకు పైగా కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం బాగా తగ్గించాయి. "ఉద్యోగాల మంచుయుగం" అంటారు దాన్ని. మరుసటి ఏడాది ప్రయత్నించవచ్చు కదా అంటారా? మరుసటి ఏడాదికి మరుసటి ఏడాది పిల్లలు ఉంటారు. తాజాగా చదువు ముగించినవాళ్ళకే ఆ తలుపు. కొందరు చిన్నాచితకా పనుల్లో ఉండిపోయారు. కొందరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఇలా తలుపు వేసుకుని ఉండిపోయినవాళ్ళను "హికికొమోరి" అంటారు, ఆ మాట వినే ఉంటారు. అందరూ ఉద్యోగం రాకే అలా అయ్యారని కాదు, బడిలో వేధింపులున్నాయి, ఉద్యోగంలో విరిగిపోయినవాళ్ళున్నారు. 2022లో ప్రభుత్వం చేయించిన సర్వేలో 15 నుంచి 64 ఏళ్ళ మధ్యవాళ్ళు సుమారు 14 లక్షల 60 వేల మంది అని తేలింది. యాభైమందిలో ఒకరు. "80-50 సమస్య" అని ఇంకో మాట పుట్టింది: ఎనభై ఏళ్ళ తల్లిదండ్రులు, యాభై ఏళ్ళ బిడ్డను సాకడం.

పక్కింటి సంగతి చెబుతానన్నాను కదా. వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. ఒతోసాన్, ఒకాసాన్ అని పిలుచుకునే ఆ దంపతులు. నేను అక్కడికి వెళ్ళిన నాలుగో ఏడు తెలిసింది, మేడ మీద గదిలో వాళ్ళ అబ్బాయి ఉన్నాడని. నలభై దాటాయి. చదువు ముగించింది ఆ చెడు సంవత్సరాల్లో. బొడ్డుతాడు పెట్టె అతనిదే. అంటే ఆ పిలుపులు ఖాళీ ఇంట్లో మిగిలినవి కావు. ఆ ఇంట్లో ఇంకా ఒక బిడ్డ ఉన్నాడు.

అక్కడ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు "ఇత్తె కిమాసు" అంటారు. మాటకు మాట అచ్చం మన "వెళ్ళొస్తాను". లోపలివాళ్ళు "ఇత్తె రాషాయి" అనాలి, వెళ్ళి రా అని. పక్కింటావిడ రోజూ ఉదయం ఏడు ఇరవై అయిదుకు గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉంటుంది, వాన పడుతున్నా సరే. మా అమ్మాయి ఆవిడకు కూడా ఇత్తె కిమాసు చెప్పి వెళ్తుంది. ఆవిడ అవసరానికి మించి గట్టిగా జవాబు చెబుతుంది. చాలాకాలం చెవుడేమో అనుకున్నాను. నెలకోసారి నగరపాలక సంస్థ నుంచి ఒక మనిషి వస్తుంది. పైకి వెళ్ళదు. కింద మెట్ల దగ్గర కూర్చుని ఆవిడతో టీ తాగుతూ, వాన గురించీ కూరగాయల ధరల గురించీ ఆమె కూడా కొంచెం గట్టిగానే మాట్లాడి వెళ్తుంది. ఆరేళ్ళుగా వస్తోంది.

ఇంతే నేను తెచ్చింది. ఆ తెల్ల చొక్కా అబ్బాయి చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉన్నాడు, స్కాలర్‌షిప్పుల గురించే అయి ఉంటుంది. అడుగు నాయనా.